రాజ్యాంగానికి ముందు రేషన్ కార్డు

ఆగస్టు 15 అంటే మనకు జెండా పండగ. 2021లో ఆ రోజు ఆదివారం వచ్చింది. మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు పార్కులో జెండా ఎగరేసి, పిల్లల చేత పాటలు పాడించి, మధ్యాహ్నం పులిహోర, సమోసాలు పెట్టారు. తింటున్నంతసేపూ పెద్దవాళ్ళ కళ్ళు మాత్రం ఫోన్ల మీదే ఉన్నాయి. కాబూల్‌లోకి తాలిబన్లు వచ్చేశారు. అధ్యక్షుడు దేశం విడిచి వెళ్ళిపోయాడు. అమెరికా ఇరవై ఏళ్ళు దగ్గరుండి నిలబెట్టిన ప్రభుత్వం ఒక్క రోజులో లేకుండా పోయింది.

అప్పట్లో కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నాన్నా, మనవాళ్ళు జపాన్‌లో చేయగలిగారు కదా! ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో ఎందుకు చేయలేకపోయారు?" అని అడిగాడు. వాడు ఇక్కడ పుట్టినవాడు. వాడి దృష్టిలో 'మనవాళ్ళు' అంటే అమెరికా వాళ్ళే. "అది వేరు, ఇది వేరురా" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

తప్పించుకోవడానికి కారణం ఉంది. 2003 వసంతంలో మన ఇళ్ళల్లో, ముఖ్యంగా శనివారం రాత్రి భోజనాల దగ్గర, ఎలాంటి వాదనలు జరిగాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వాదనల్లో నేను జపాన్ పక్షం. అంటే, "జపాన్‌ని, జర్మనీని బాగుచేసిన దేశానికి ఇరాక్ ఒక లెక్కా?" అని గట్టిగా మాట్లాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పటి అధ్యక్షుడు బుష్ కూడా 2003 ఫిబ్రవరిలో చేసిన ఒక ప్రసంగంలో ఈ రెండు దేశాలనే ఉదాహరణగా చూపించాడు. నేను కొత్తగా కనిపెట్టినదేమీ లేదు, టీవీలో విన్నదాన్నే తెలుగులో చెప్పాను. అయినా పిల్లవాడు అడిగినప్పుడు నా మాట నాకే గుర్తొచ్చి గొంతులో అడ్డం పడింది. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఈ విషయం మీద చదువుతూ వచ్చాను. వాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబు ఇది.

ముందుగా ఒక చిత్రమైన సంగతి. 1945 ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి హిరోహితో రేడియోలో మాట్లాడి, యుద్ధం ముగిసిందని తన ప్రజలకు చెప్పాడు. 2005లో ఇరాక్ రాజ్యాంగం చిత్తుప్రతి పూర్తి కావలసిన గడువు కూడా ఆగస్టు 15. కాబూల్ పడిపోయిందీ ఆగస్టు 15నే. తేదీలు కలవడం కాకతాళీయం. కాని ఆ మూడు రోజుల మధ్య ఉన్న తేడాలోనే మా వాడి ప్రశ్నకు జవాబుంది.

జపాన్‌లో ఏం కూల్చారు, ఏం ఉంచారు?

1945 ఆగస్టు 30న జనరల్ మెకార్థర్ టోక్యో దగ్గరి అత్సుగి విమానాశ్రయంలో దిగాడు. సెప్టెంబరు 2న మిస్సౌరీ అనే యుద్ధనౌక మీద జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేసింది. అప్పటినుంచి 1952 ఏప్రిల్ 28 దాకా, అంటే దాదాపు ఏడేళ్ళు, ఆ దేశం మీద పెత్తనం అమెరికాదే.

అయితే ఆ పెత్తనం ఎలా సాగిందన్నది మనం గమనించాలి. మెకార్థర్ కార్యాలయం జపాన్‌ని నేరుగా పాలించలేదు. చక్రవర్తి ఉన్నాడు, ప్రధానమంత్రి ఉన్నాడు, మంత్రిత్వశాఖలు ఉన్నాయి. ఆర్థికశాఖ గుమాస్తా మర్నాడు పొద్దున్న మామూలుగానే ఆఫీసుకి వెళ్ళాడు. పోస్టు బంట్రోతు ఉత్తరాలు పంచాడు. రైళ్ళు నడిచాయి. అమెరికా వాళ్ళు ఆజ్ఞ ఇస్తే, దాన్ని జపాన్ ప్రభుత్వమే తన భాషలో, తన ముద్రతో అమలు చేసేది.

సైన్యం మాటేమిటి? దాన్ని జపాన్‌లోనూ పూర్తిగా రద్దు చేశారు. ఈ సంగతి నాకు 2003లో తెలియదు. అయితే ఆ పని చేసింది కూడా జపాన్ ప్రభుత్వ శాఖలే. 1945 డిసెంబరులో సైనిక, నౌకా మంత్రిత్వశాఖల పేరు మార్చి, సైనికుల్ని ఇళ్ళకు పంపించే శాఖలుగా చేశారు. చైనా నుంచి, మంచూరియా నుంచి, దక్షిణ సముద్రాల దీవుల నుంచి సైనికులూ పౌరులూ కలిపి 60 లక్షలకు పైగా జనం ఓడలెక్కి స్వదేశం చేరారు. వాళ్ళని సుఖంగా చూసుకున్నారని కాదు. 1946లో మాజీ సైనికుల పెన్షన్లు కూడా ఆపేశారు. నగరాలు బూడిదై ఉన్నాయి, తిండి లేదు. ఆ ఏడాది మే నెలలో ఆకలితో ఉన్న జనం రాజభవనం ముందు పెద్ద ఊరేగింపు తీశారు. కాని ఆయుధాలు అప్పటికే లెక్క ప్రకారం అప్పగించి ఉన్నాయి. ఇంటికి వెళ్ళమని చెప్పింది తమ చక్రవర్తి, తమ అధికారులు. తుపాకులు పట్టుకుని పెద్దఎత్తున తిరగబడటమన్నది జరగలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. చక్రవర్తిని విచారణకు పిలవలేదు. ఆయన పేరు మీదే ఆ యుద్ధమంతా జరిగింది. టోక్యో విచారణలో ఆయన ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడ్డారు. యుద్ధనేరాల అనుమానితుడిగా మూడేళ్ళు జైల్లో ఉన్న కిషి నొబుసుకె 1957లో ఏకంగా ప్రధానమంత్రి అయ్యాడు. యుద్ధంతో సంబంధం ఉన్న దాదాపు రెండు లక్షల మందిని పదవుల్లోంచి తీసేసినా, ప్రచ్ఛన్నయుద్ధం మొదలవగానే వాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. కొరియాలో, చైనాలో జపాన్ సైన్యం చేతిలో నలిగిపోయినవాళ్ళకి ఇది న్యాయంగా కనిపించలేదు, ఇప్పటికీ కనిపించడం లేదు. జపాన్‌లో ప్రభుత్వం నిలబడటానికి కట్టిన ధర అది. ఆ ధర కట్టింది మాత్రం జపాన్ వాళ్ళు కాదు.

బాగ్దాదులో రెండు ఆజ్ఞలు

ఇక ఇరాక్. 2003 మార్చి 20న దాడి మొదలైంది. ఏప్రిల్ 9న బాగ్దాదు పడిపోయింది. ఫిర్దోస్ కూడలిలో సద్దాం విగ్రహాన్ని పడగొట్టడం మనమంతా టీవీలో చూశాం. ఆ తర్వాత కొద్ది రోజులపాటు ఊళ్ళో ప్రభుత్వమన్నది లేదు. మంత్రిత్వశాఖల భవనాల్లో కుర్చీలు, తలుపులు, గోడల్లోని కరెంటు తీగలతో సహా ఎత్తుకుపోయారు. జాతీయ గ్రంథాలయం తగలబడింది. వేల ఏళ్ళనాటి మెసపటేమియా వస్తువులున్న మ్యూజియాన్ని దోచారు. చమురు మంత్రిత్వశాఖ దగ్గర మాత్రం అమెరికా సైనికులు కాపలా ఉన్నారు. ఈ తేడాని ఇరాకీలు మరిచిపోలేదు.

మే 12న పాల్ బ్రెమర్ అనే అధికారి దేశాన్ని నడపడానికి బాగ్దాదు చేరాడు. ఆయన మే 16న ఇచ్చిన మొదటి ఆజ్ఞ బాత్ పార్టీలో పై నాలుగు అంచెల్లో ఉన్న వాళ్ళందర్నీ ప్రభుత్వోద్యోగాల్లోంచి తొలగించింది. మే 23న ఇచ్చిన రెండో ఆజ్ఞ ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసింది.

బాత్ పార్టీ సభ్యత్వమంటే ఏమిటో మనం కొంచెం ఊహించుకోవచ్చు. ఉద్యోగం రావాలన్నా, వచ్చిన ఉద్యోగంలో పైకి పోవాలన్నా పార్టీ కార్డు ఉండాలి. అందులో హంతకులూ ఉన్నారు, హెడ్మాస్టర్లూ ఉన్నారు. ఆజ్ఞ ఇద్దర్నీ ఒకే గాట కట్టింది. పదుల వేలమంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో వేలమంది బడిపంతుళ్ళు. రెండో ఆజ్ఞతో దాదాపు నాలుగు లక్షలమంది సైనికుల జీతాలు ఆగిపోయాయి. వీళ్ళ ఆయుధాలు ఎవరికీ అప్పగించలేదు. దాడి సమయంలో యూనిఫాం విప్పేసి, తుపాకీతో ఇంటికి వెళ్ళిపోయారు. జూన్‌లో జీతాల కోసం ఊరేగింపు తీస్తే కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతగాని నెలనెలా ఎంతో కొంత భత్యం ఇస్తామని ప్రకటించలేదు. అప్పటికి చాలామంది వేరే దారి వెతుక్కున్నారు. 2014లో మోసుల్ నగరాన్ని పట్టుకున్న ఐసిస్ ముఠా నాయకుల్లో సద్దాం సైన్యంలో పనిచేసిన అధికారులు ఉన్నారంటే, ఆ దారి ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

సైన్యం అప్పటికే చెల్లాచెదురైందనీ, రద్దు చేయడానికి అక్కడేమీ మిగల్లేదనీ బ్రెమర్ తర్వాత వాదించాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. షియాలకూ కుర్దులకూ ఆ సైన్యమంటే భయం, అసహ్యం. దాన్ని మళ్ళీ పిలిస్తే వాళ్ళు ఊరుకునేవారా అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. కాని సైన్యాన్ని రద్దు చేయడం వేరు, సైనికుడి ఇంట్లో పొయ్యి ఆర్పడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూడటానికి అక్కడ ఎవరికీ వ్యవధి లేకపోయింది.

మనకు తెలిసిన ఒక కథ

ఇక్కడ మన హైదరాబాదు గుర్తుకు రాక మానదు. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యను విదేశీ దాడి అనలేం. దాన్ని విలీనమనాలా, విమోచనమనాలా అన్న తగవులోకి కూడా నేను పోను. కాని ఒక ఏలుబడి సైన్యం వల్ల అయిదు రోజుల్లో ముగిసిన తర్వాత ఆఫీసులు ఎవరు నడపాలి అన్న ప్రశ్న మన తాతలకీ ఎదురైంది. నిజాంని తీసేయలేదు. ఫర్మానాలు ఆయన పేరు మీదే వెలువడ్డాయి. 1950 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్‌గా ఉన్నాడు. మొదట మేజర్ జనరల్ చౌధురి సైనిక పాలన, తర్వాత వెల్లోడి అనే ఐసిఎస్ అధికారి, 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు. నాలుగేళ్ళలోపే ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. చెప్పుకోదగ్గ విషయమే.

అదే సమయంలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగులు కుర్చీలు నింపేసరికి, 1952లోనే ముల్కీ ఉద్యమం లేచింది, కాల్పులు జరిగాయి. ఆ కోపం తర్వాత ఎన్ని దశాబ్దాలు నడిచిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. పోలీసు చర్య తర్వాత, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. గెలిచినవాళ్ళు మరిచిపోయినంత తేలిగ్గా ఓడినవాళ్ళు మరిచిపోరు. మన ఇంటి కథలోనే ఇంత ఉంటే, భాష రాని దేశానికి వెళ్ళి, గ్రీన్‌జోన్ గోడల మధ్య కూర్చుని పాలించినవాళ్ళకు ఏం తెలుస్తుంది?

రాజ్యాంగం ఎవరు రాశారు?

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన విషయం ఇది. ప్రజలు తమ రాజ్యాంగాన్ని తామే రాసుకుంటే అది నిలబడుతుందని మనమంతా అనుకుంటాం. చరిత్ర ఈ విషయంలో తలకిందులుగా ఉంది.

జపాన్ రాజ్యాంగాన్ని 1946 ఫిబ్రవరిలో మెకార్థర్ కార్యాలయంలోని అమెరికన్లు సుమారు ఒక వారంలో ఇంగ్లీషులో రాశారు. స్త్రీల హక్కుల గురించిన భాగాన్ని రాసినది బెయాటె సిరోటా అనే 22 ఏళ్ళ అమ్మాయి. జపాన్ పార్లమెంటు దాన్ని చర్చించి, కొన్ని మార్పులతో ఆమోదించింది. 1947 మే 3న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి దాంట్లో ఒక్క సవరణ కూడా జరగలేదు.

ఇరాక్ రాజ్యాంగాన్ని ఇరాకీలే రాశారు. ఎన్నికైనవాళ్ళే రాయాలని షియాల పెద్ద మతగురువు సిస్తానీ 2003 జూన్‌లోనే పట్టుబట్టాడు, అమెరికా చివరికి ఒప్పుకోక తప్పలేదు. కాని 2005 జనవరి 30న జరిగిన ఎన్నికల్ని సున్నీ అరబ్బులు చాలావరకు బహిష్కరించారు. ఆ కారణంగా 55 మంది సభ్యులున్న రచనా సంఘంలో మొదట వాళ్ళు ఇద్దరే ఉన్నారు. తర్వాత 15 మందిని చేర్చారు గాని, అప్పటికి అసలు బేరసారాలు వేరే గదుల్లో జరుగుతున్నాయి. ఆగస్టు 15 గడువు దాటిపోయింది. కొద్ది రోజులు పొడిగించి, తొందర తొందరగా ముగించారు. అక్టోబరు 15న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దేశం మొత్తం మీద 78 శాతం పైగా ఒప్పుకున్నారు. సున్నీలు ఎక్కువగా ఉన్న అన్బార్, సలాహుద్దీన్ రాష్ట్రాల్లో మాత్రం మూడింట రెండు వంతులకు మించి వద్దన్నారు. నాలుగు నెలలకే, 2006 ఫిబ్రవరి 22న, సమర్రాలోని షియాల పవిత్ర మందిరాన్ని పేల్చేశారు. దేశం అంతర్యుద్ధంలో పడింది.

మరి పరాయివాళ్ళు రాసినది ఎలా నిలబడింది? దాన్ని కాపాడుకోవలసిన అవసరం ఉన్నవాళ్ళు జపాన్‌లో అడుగడుగునా ఉన్నారు. 1946 ఏప్రిల్‌లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేశారు, 39 మంది స్త్రీలు పార్లమెంటుకి వెళ్ళారు. కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. భూస్వాముల దగ్గర భూమి కొని కౌలుదార్లకు అమ్మారు. అంతకుముందు సాగుభూమిలో దాదాపు 45 శాతం కౌలులో ఉంటే, కొన్నేళ్ళలో అది పది శాతానికి పడిపోయింది. ఆ భూసంస్కరణకు సలహాదారుగా ఉన్న ఉల్ఫ్ లాడెజిన్‌స్కీ తర్వాత మన దేశానికి వచ్చి, పశ్చిమ గోదావరితో సహా కొన్ని జిల్లాల్లో కౌలు పరిస్థితుల మీద నివేదిక రాశాడు. ఇక్కడ దాని వల్ల ఏమంత జరగలేదన్నది మనకు తెలిసిందే. జపాన్‌లో మాత్రం సొంత పొలం వచ్చిన రైతు కొత్త వ్యవస్థకు కాపలాదారు అయ్యాడు. ఆ రాజ్యాంగం ఏ భాషలో పుట్టిందన్నది అతనికి పట్టలేదు.

ఇరాక్‌లో పంచినది భూమి కాదు, పదవులు. 2003 జూలైలో 25 మందితో పాలకమండలి వేశారు: 13 మంది షియాలు, అయిదుగురు సున్నీ అరబ్బులు, అయిదుగురు కుర్దులు, ఒక తుర్క్‌మన్, ఒక అస్సీరియన్ క్రైస్తవుడు. ఇరాక్ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి కూడా అందులో ఉన్నాడు, షియాల లెక్కలో! దేవుణ్ణి పక్కనపెట్టిన పార్టీవాణ్ణి కూడా మతం పేరు మీదే కూర్చోబెట్టారు. అప్పుడు మొదలైన ఈ వాటాల పద్ధతిని అక్కడ 'ముహాసస' అంటారు. ఒక్కో శాఖ ఒక్కో వర్గం చేతికి పోయింది. మంత్రి మారితే గుమాస్తా దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా మారతాడు.

ఈ మొత్తం కథలో నా మనసులో నిలిచిపోయిన వస్తువు ఒకటుంది. 1990లో ఇరాక్ మీద ఆంక్షలు వచ్చినప్పుడు సద్దాం ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ కార్డులిచ్చింది. పిండి, బియ్యం, పంచదార, నూనె, టీ ఆకు. మన తెల్లకార్డు లాంటిదే, వీధి చివరి డీలరు దగ్గర తీసుకోవాలి. 2003లో ప్రభుత్వం కూలినా ఈ రేషన్ పంపకం ఆగలేదు. పాత వాణిజ్యశాఖ గుమాస్తాలు, పాత డీలర్లు, పాత చిట్టాలు. 2005 జనవరిలో ఎన్నికలు పెట్టాలంటే ఓటర్ల జాబితా కావాలి. జనాభా లెక్కలు తీసే వ్యవధి లేదు. చివరికి ఆ రేషన్ కార్డుల చిట్టాలోంచే ఓటర్ల జాబితా తయారు చేశారు. నియంత కాలంనాటి ఆ చిట్టా లేకపోతే కొత్త ప్రజాస్వామ్యానికి మొదటి ఓటు కూడా పడేది కాదు. కూల్చకుండా మిగిలిన ఒక్క ఆఫీసు ఇంత పని చేస్తే, మిగతావి కూడా మిగిలి ఉంటే ఏమయ్యేదో!

ఇప్పుడు

ఇరాక్ అఫ్ఘానిస్తాన్ కాలేదు. ఆ మాట కూడా చెప్పాలి. అమెరికా సైన్యం 2011 డిసెంబరులో వెళ్ళిపోయి, 2014లో ఐసిస్ మీద యుద్ధానికి మళ్ళీ వచ్చింది. 2017 జూలైలో మోసుల్ తిరిగి ఇరాక్ చేతికి వచ్చింది. 2005 నుంచి 2025 దాకా ఇరాకీలు జాతీయ సభకు ఏడుసార్లు ఓట్లు వేశారు, ప్రధానమంత్రులు ఓడి దిగిపోయారు. ఆ చుట్టుపక్కల ఇది మామూలు విషయం కాదు. కాబూల్‌లో తాలిబన్లకు 2001 నాటి బాన్ ఒప్పందంలో చోటు లేదు, వాళ్ళు ఇరవై ఏళ్ళు కాచుకుని వచ్చి అంతా తీసుకున్నారు. బాగ్దాదులో కనీసం వాటాలైనా ఉన్నాయి.

కాని ఆ వాటాలే ఇప్పుడు జనానికి ఊపిరాడనివ్వడం లేదు. 2019 అక్టోబరులో బాగ్దాదులోనూ దక్షిణాది పట్టణాల్లోనూ కుర్రవాళ్ళు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. 2003లో పసిపిల్లలు వాళ్ళు. చాలామంది షియాలే, షియాలు నడిపే ప్రభుత్వం మీదే వాళ్ళ కోపం. ఉద్యోగాలు, కరెంటు, నీళ్ళు అడిగారు. వాళ్ళ నినాదం 'మాకొక దేశం కావాలి' అని. వందలమందిని కాల్చి చంపారు. ప్రధానమంత్రి రాజీనామా చేశాడు, పద్ధతి మారలేదు. బయటివాళ్ళు వచ్చి ప్రభుత్వం నిలబెట్టిన పదహారేళ్ళ తర్వాత, ఆ దేశపు పిల్లలు తమకొక దేశం కావాలని అడగవలసి వచ్చింది.

కాబట్టి మా వాడికి నేను చెప్పవలసిన జవాబు ఇది. జపాన్‌లో అమెరికా దేశాన్ని కట్టలేదు. అక్కడ కట్టి ఉన్న దేశాన్ని, 1890 నుంచీ పార్లమెంటు ఎరిగిన దేశాన్ని, పడిపోనివ్వకుండా పట్టుకుని, అందులో కొత్తవాళ్ళకు చోటు ఇప్పించింది. చుట్టూ సముద్రం ఉండటంతో చెయ్యిపెట్టే పొరుగువాళ్ళు కూడా లేకపోయారు. ఇరాక్‌లో ఉన్న కాస్తా పగలగొట్టి, ఎవరి ముక్క వాళ్ళకి పంచింది. 2003లో నేను చేసిన తప్పు జపాన్ పేరు ఎత్తడం కాదు, జపాన్ గురించి చదవకుండా ఎత్తడం. నాతో పాటు భోంచేసిన స్నేహితుల్లో ఒకాయన ఆ రోజు, "ఆ రేషన్ బియ్యం రేపు ఎవరు తూస్తారండీ?" అని అడిగాడు. అందరం నవ్వాం. ఆయన అడిగిందే అసలైన ప్రశ్న.

మా వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. ఈ సంచిక ఇంటికి వచ్చాక కూర్చోబెట్టి చదివి వినిపించాలి. అంతా విని, "అయితే అసలు వెళ్ళడమెందుకు నాన్నా?" అంటాడని నాకు తెలుసు. ఈసారి తప్పించుకోను. ఓటు వేసే దేశం ఇదే కనుక, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది వాడూ నేనూ కూడా అని చెబుతాను.